స్టెమ్ సెల్ లైసెన్సు ముసాయిదా చేతికొచ్చింది, ఎక్కడ పట్టుబట్టాలో చెప్పండి

మైక్రోపిపెట్
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఒక చిన్న సెల్ థెరపీ కంపెనీలో పని చేస్తున్నాను. ఆరేళ్ళు కల్చర్ రూములోనే గడిచాయి. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసి, ప్లేటు మైక్రోస్కోపు కింద పెట్టి, కణాలు బాగున్నాయని చూసుకుంటే గానీ కాఫీ తాగబుద్ధయ్యేది కాదు. మూడు నెలల కిందట మా ఎండీ గారు పిలిచి, "సైన్సు తెలిసినవాళ్ళు ఒకరు పేటెంట్ల పని చూసుకోవాలమ్మా" అని ఈ సీట్లో కూర్చోబెట్టారు.

ఇప్పుడు నా ముందు 64 పేజీల ముసాయిదా ఉంది. ఐపీఎస్ కణాల (చర్మం, రక్తం లాంటి మామూలు కణాలను వెనక్కి మళ్ళించి చేసే మూలకణాలు) నుంచి రెటీనా వెనక ఉండే ఆర్‌పీఈ పొరను తయారుచేసే పద్ధతిని ఒక విదేశీ కంపెనీ మాకు లైసెన్సుకు ఇస్తామంటోంది. మన దేశానికీ, చుట్టుపక్కల మరో నాలుగు దేశాలకూ ఎక్స్‌క్లూజివ్. అంటే ఇక్కడ మేం తప్ప ఇంకెవరూ చేయకూడదు. ఆ మాట చూసి ఎండీ గారు చాలా సంతోషంగా ఉన్నారు. నాకేమో నిద్ర పట్టడం లేదు.

ఐపీఎస్ మూల పేటెంట్లు క్యోటో యూనివర్సిటీవి కదా, వాళ్ళకు విడిగా కట్టాలా? దేనికి పేటెంటు ఇవ్వకూడదో చెప్పే సెక్షన్ 3 మన చట్టంలో ఉండగా ఇలాంటి పేటెంట్లు ఇక్కడ నిలుస్తాయా? మేం కనిపెట్టే మెరుగుదలలన్నీ పూర్తిగా వాళ్ళకే రాసివ్వాలని 19వ క్లాజులో ఉంది, అది మామూలేనా? రెండు వారాల్లో జవాబు పంపాలి. కంపెనీ పేరు, డబ్బు అంకెలు చెప్పలేను, ఏమీ అనుకోకండి.

ఫారం27
ఆదివారం, రాత్రి 10:25

పేటెంట్ ఏజెంటుగా పదకొండేళ్ళుగా చెన్నై ఆఫీసులో దరఖాస్తులు వేస్తున్నాను మేడమ్. మూడో ప్రశ్న తేలిక కాబట్టి దాంతో మొదలుపెడతాను. మన పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 140 ఒకసారి చదవండి. లైసెన్సు తీసుకున్నవాడు తన మెరుగుదలలను ఎక్స్‌క్లూజివ్‌గా తిరిగి ఇచ్చేయాలన్న షరతు చెల్లదని అందులో రాసే ఉంది. పేటెంటు చెల్లుబాటును ప్రశ్నించకూడదన్న షరతు కూడా అంతే. 19ని కొట్టేసి, "నాన్-ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తాం" అని రాయండి. కానీ ఒప్పందం ఏ దేశపు చట్టం కింద నడుస్తుందో చివరి పేజీల్లో ఉంటుంది, దాన్ని వదలకండి. అక్కడ వేరే దేశం పేరుంటే ఈ సెక్షన్ కోసం మీరు చాలా దూరం వెళ్ళి కొట్లాడాల్సి వస్తుంది.

సెక్షన్ 3 గురించి. కణాలనే క్లెయిమ్ చేస్తే, అంటే వాటి మీదే హక్కు కోరితే, 3(సి), 3(జె) కింద అభ్యంతరం వస్తుంది. రోగికి చికిత్స చేసే పద్ధతిని క్లెయిమ్ చేస్తే 3(ఐ). మానవ పిండాన్ని వాడితే 3(బి). ల్యాబులో కణాలను ఒక రకం నుంచి ఇంకో రకానికి మళ్ళించే పద్ధతి, దానికి వాడే మీడియం, పరికరం, ఇలాంటివైతే గ్రాంటు అవుతాయి. కాబట్టి వాళ్ళ అమెరికా పేటెంట్ల జాబితా ఎంత పొడవుందో చూసి భయపడొద్దు. మన దేశంలో గ్రాంటైనవి ఎన్ని, ఏ క్లెయిములతో అయ్యాయి అన్నది విడిగా ఒక కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ లేని పేటెంటుకు ఇక్కడ రాయల్టీ కట్టేవాళ్ళను నేను చూశాను.

మూల పేటెంట్ల సంగతి. ఐపీఎస్ కణాలను కనిపెట్టిన యమనాకా గారి బృందం తరఫున క్యోటో యూనివర్సిటీ అంతర్జాతీయ దరఖాస్తు వేసింది 2006 డిసెంబరులో. 20 ఏళ్ళు లెక్కేసుకోండి, 2026 డిసెంబరు. మీ ఉత్పత్తి మార్కెట్‌కు వచ్చేది ఎంత త్వరగా అనుకున్నా ఆ తర్వాతే. ఈలోగా అనుమతుల కోసం చేసే పరీక్షలకు సెక్షన్ 107ఏ రక్షణ ఉంది. అసలు పేటెంటు తీరిపోయినా ఆ తర్వాత వేసిన మెరుగుదల పేటెంట్లు ఉంటాయి, వాటిని వెతికించండి.

బ్యాలెన్స్‌షీట్
సోమవారం, ఉదయం 7:15

రాయల్టీ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. ఇలాంటి ఉత్పత్తికి చేతులు చాలా ఉంటాయి. ఉదాహరణకు మూల కణాలకు 3 శాతం, మీ ఆర్‌పీఈ పద్ధతికి 6, కణాలను వేరుచేసే యాంటీబాడీకి 2, అమర్చే పరికరానికి 3 అనుకోండి. ఒక్క రోగికి ఇవ్వకముందే అమ్మకంలో 14 శాతం పోయింది. ద్రవ నత్రజనిలో నిల్వ, క్లీన్‌రూము ఖర్చు, ఒక్కో బ్యాచీకి స్టెరిలిటీ పరీక్షలు, అవన్నీ ఇంకా లెక్కలోకే రాలేదు. "ఇతరులకు కట్టేది ఇంత దాటితే మీ వాటా తగ్గించుకోవాలి" అనే క్లాజు పెట్టించండి. వాళ్ళు ఒప్పుకుంటారు, కాకపోతే ఒక కనీస శాతం కంటే కిందికి దిగరు. పేటెంటు తీరిన రోజు నుంచి శాతం తగ్గాలని కూడా రాయించండి.

గోదారి_టు_శాన్‌డియాగో
సోమవారం, ఉదయం 11:50

ఈ ఎక్స్‌క్లూజివ్ అన్న మాట వెనక ఒక పెద్ద కథ ఉందమ్మా, ఓపిగ్గా చదువు.

1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలను మొదటిసారి వేరుచేశాడు. ఆ పనికి డబ్బు పెట్టింది మెన్లో పార్క్‌లోని జెరాన్ కంపెనీ. పేటెంట్లు మాత్రం యూనివర్సిటీ తరఫున వార్ఫ్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. జెరాన్‌కు ఆరు రకాల కణాల మీద ఎక్స్‌క్లూజివ్ హక్కులిచ్చారు. అది చాలక జెరాన్ ఇంకొన్ని రకాలు కావాలంది. 2001 ఆగస్టులో వార్ఫ్ కోర్టుకెక్కింది. 2002 జనవరిలో రాజీ కుదిరి, నాడీ కణాలు, గుండె కణాలు, క్లోమంలోని ఐలెట్ కణాలు మాత్రమే జెరాన్‌కు ఎక్స్‌క్లూజివ్‌గా మిగిలాయి. మిగతావి నాన్-ఎక్స్‌క్లూజివ్ అయ్యాయి. మన వ్యాపారంలో "ఫీల్డ్ ఆఫ్ యూజ్" అంటామే, అంటే లైసెన్సు ఏ వాడకానికి వర్తిస్తుందన్న హద్దు, దాని విలువ అక్కడ తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు ఆ కణాలతో జెరాన్ ట్రయల్ మొదలుపెట్టింది. 2010 అక్టోబరులో అట్లాంటాలో మొదటి రోగికి ఎక్కించారు. 2011 నవంబరులో, డబ్బు చాలడం లేదు, క్యాన్సర్ మందుల మీద దృష్టి పెడతామంటూ ఆపేశారు. కణాలు పని చేయలేదని కాదు, ప్రమాదం జరిగిందనీ కాదు. 2013లో ఆ ఆస్తి ఆస్టీరియాస్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. మళ్ళీ ట్రయల్ కదలడానికి ఇంకో రెండేళ్ళు. ఆ మధ్య కాలమంతా ఫ్రీజర్లలో ఉన్న కణాలు ఉన్నచోటే ఉన్నాయి. నేనప్పుడు ఇక్కడ పోస్ట్‌డాక్. ఆ వార్త వచ్చిన రోజు మా ల్యాబులో ఎవరం సరిగ్గా పని చేయలేకపోయాం.

అందుకే అడుగుతున్నా. నీకు లైసెన్సు ఇచ్చేవాళ్ళు రేపు ఈ ప్రోగ్రామ్ ఆపేస్తే మీ గతేంటి? మాస్టర్ సెల్ బ్యాంకు, అంటే అన్ని బ్యాచీలకూ మూలమైన కణాల నిల్వ, ఎవరి దగ్గర ఉంటుంది? దాని వయల్స్ కొన్ని మీ దగ్గర, లేదా మూడో పార్టీ దగ్గర ఉంచాలని ఎక్కడైనా రాశారా?

మైక్రోపిపెట్
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే వెతికాను అన్నయ్యా. సెల్ బ్యాంకు గురించి ఉన్నది ఒక్క వాక్యమే, "అవసరాన్ని బట్టి సరఫరా చేయబడును" అని. రాయించాల్సిన వాటిలో మొదటిది ఇదే.

ఫారం27 గారూ, ఇండియాలో గ్రాంటైనవి రెండు. పదకొండు అన్నారు ముసాయిదాలో.

పీహెచ్‌డీ_ఐదో_ఏడు
సోమవారం, సాయంత్రం 4:05

మెరుగుదలలు మీవే అంటున్నారు కాబట్టి ఒక మాట అక్కా. కనిపెట్టగానే ఎక్కడా చెప్పకండి. మా ల్యాబులో సీనియర్ ఒకావిడ నాలుగేళ్ళు కష్టపడి, జంతు సీరం లేకుండా కణాలు పెంచే మీడియం తయారుచేసింది. థీసిస్ సమర్పించింది, లైబ్రరీ వాళ్ళు నిబంధన ప్రకారం వెబ్‌సైట్లో పెట్టేశారు. తొమ్మిది నెలల తర్వాత పేటెంటు వేద్దామని గైడ్ అన్నారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది కాబట్టి అక్కడ వేయగలిగారు. యూరప్‌లో ఆవిడ థీసిస్సే ఆవిడ దరఖాస్తుకు అడ్డొచ్చింది. 112వ పేజీలో టేబుల్, అందులో ప్రతి పదార్థం మిల్లీగ్రాములతో సహా. ఆవిడ ఆ పేజీ తెరిచి చూస్తూ కూర్చోవడం నాకింకా గుర్తుంది.

ఇంకో ప్రశ్న, మన దేశంలో ఇలాంటి ఉత్పత్తి ఒక్కటైనా అనుమతి దాకా వచ్చిందా?

ఫారం27
సోమవారం, సాయంత్రం 6:20

వచ్చింది తమ్ముడూ. బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ వాళ్ళ స్టెంప్యూసెల్. కాళ్ళకు రక్తప్రసరణ ఆగిపోయే బర్జర్స్ వ్యాధికి 2016లో షరతులతో అనుమతి వచ్చింది, 2020లో తీవ్రంగా రక్తం అందని కాళ్ళ చికిత్సకు. అవి దాతల ఎముక మజ్జ నుంచి తీసిన కణాలు, ఐపీఎస్ కాదు.

పార్వతీపురం_నాన్న
సోమవారం, రాత్రి 11:10

మీరంతా చదువుకున్నవాళ్ళు. మీ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు గానీ మొదటి నుంచి చదివాను. మా బాబుకు 17 ఏళ్ళు. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తాడు. క్రికెట్ మానేశాడు. పోయిన నెల ఒక క్లినిక్‌కు వెళ్ళాం. అక్కడ గోడకు అద్దాల ఫ్రేములో ఒక కాగితం ఉంది, "మా స్టెమ్ సెల్ చికిత్సకు ప్రభుత్వ పేటెంటు ఉంది" అని చూపించారు. మూడు ఇంజెక్షన్లకు నాలుగున్నర లక్షలు. నలభై వేలు అడ్వాన్సు కట్టాను. ఆ కాగితం ఫోటో తీసుకున్నా. పేటెంటు ఉందంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టే కదండీ?

రెటీనా_డ్యూటీ
మంగళవారం, ఉదయం 6:30

అన్నా, నేను కంటి డాక్టర్ని. దయచేసి ఇంకో రూపాయి కూడా కట్టొద్దు.

పేటెంటు అంటే ఈ ఆలోచన కొత్తది, ఇంకొకరు కాపీ కొట్టకూడదు అని మాత్రమే. అది పని చేస్తుందని గానీ, ప్రమాదం లేదని గానీ ఎవరూ చెప్పినట్టు కాదు. మందుగా ఇవ్వడానికి అనుమతి ఇవ్వాల్సింది కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. 2019 నిబంధనల ప్రకారం స్టెమ్ సెల్ ఉత్పత్తి ఎప్పటికీ కొత్త మందు కిందే లెక్క, అనుమతి తప్పనిసరి. కొన్ని రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా పరిశోధన కిందే చూడాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటేనే మీకు జవాబు దొరికినట్టు.

ఆ ఫోటోలో ఉన్న నంబరు ఇక్కడ పెట్టకండి, ఫారం27 గారికి విడిగా పంపండి. పేటెంటు ఆఫీసు వారి ఇన్‌పాస్ సైట్‌లో కొడితే నిమిషంలో తెలుస్తుంది.

మీ అబ్బాయి గురించి నిజం చెప్పాలి. పైన మేడమ్ చెబుతున్న ఆర్‌పీఈ కణాలు ముఖ్యంగా వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకూ, స్టార్‌గార్ట్ జబ్బుకూ చూస్తున్నవి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఎక్కువమందికి మొదట పోయేవి వెలుగును పట్టే కణాలు. కాబట్టి అది వచ్చినా బాబుకు సరిపోతుందని చెప్పలేను. ముందు జన్యు పరీక్ష చేయించండి. ఏ జన్యువులో లోపమో తెలిస్తే, ఏ ట్రయల్ కోసం ఎదురుచూడాలో తెలుస్తుంది.

ఫారం27
మంగళవారం, ఉదయం 9:00

అన్నా, మీరు పంపిన నంబరు చూశాను. అది దరఖాస్తు నంబరు. ప్రచురించారు, పరీక్షలో అభ్యంతరాలు చెప్పారు, గడువులోగా జవాబు ఇవ్వలేదు, వదిలేసినట్టు లెక్క. పేటెంటే లేదు. స్క్రీన్‌షాట్ మీకు పంపాను, డబ్బు వెనక్కి అడిగేటప్పుడు ప్రింటు తీసుకెళ్ళండి.

రెటీనా_డ్యూటీ
మంగళవారం, మధ్యాహ్నం 2:45

మైక్రోపిపెట్ గారూ, ఓపీ అయ్యాక రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది.

మన ఊళ్ళలో సున్నం ప్యాకెట్ నొక్కితే చిమ్మి పిల్లల కంట్లో పడుతుంది. నల్లగుడ్డు చుట్టూ ఉండే లింబస్‌లోని మూలకణాలు కాలిపోతాయి, తర్వాత చూపు మీద తెల్లటి పొర కమ్ముతుంది. దీనికి రెండు దారులు నడిచాయి. ఇటలీలో మోడెనా శాస్త్రవేత్తలు రెండో కంటి నుంచి కొన్ని కణాలు తీసి, ల్యాబులో పెంచి, పొరగా తిరిగి అమర్చే ఉత్పత్తి తయారుచేశారు. హోలోక్లార్ అని దానికి 2015లో యూరప్ అనుమతి వచ్చింది. దాని వెనక లైసెన్సు ఉన్న కంపెనీ, మందుల స్థాయి ల్యాబు ఉండాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కూడా ముందు అలాగే కణాలు పెంచారు, 200 కళ్ళ ఫలితాలు 2011లో ప్రచురించారు, 71 శాతం నిలిచాయి. ఆ తర్వాత 2012లో సాంగ్వాన్ గారి బృందం ఇంకో మాట చెప్పింది. ల్యాబే వద్దు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, ఉమ్మనీటి పొర మీద ఫైబ్రిన్ గమ్‌తో అతికిస్తే కంట్లోనే పెరుగుతాయి. దాని పేరు స్లెట్. 125 మంది ఫలితాలు 2016లో వచ్చాయి, 76 శాతం. ఆపరేషన్ పద్ధతికి మన చట్టంలో పేటెంటు రాదు, పేపర్లో అన్నీ రాశారు. నేను ఆ పేపరు చదివి, వీడియో చూసి, వారం నేర్చుకుని చేస్తున్నాను. ఎవరినీ అడగలేదు.

ఐపీఎస్ రెటీనాకు ఇలా కుదరదు, ల్యాబు కావాలి, పెట్టుబడి కావాలి, పెట్టినవాళ్ళకు రక్షణ ఉండాలి. ఒప్పుకుంటాను. కానీ పై పోస్టులన్నీ చూస్తే, ఆ విదేశీ కంపెనీ మిమ్మల్ని మోసం చేయకుండా ఎలా చూసుకోవాలో చెబుతున్నాయి. మీరు ఎక్స్‌క్లూజివ్ తీసుకుని, నిధులు లేక ఐదేళ్ళు కదలకపోతే? ఈ ఐదు దేశాల్లో ఇంకెవరూ ముట్టుకోలేరు. అప్పుడు జెరాన్ స్థానంలో మీరుంటారు. దానికి ముసాయిదాలో ఏముంది?

మైక్రోపిపెట్
మంగళవారం, రాత్రి 8:20

డాక్టర్ గారూ, "వాణిజ్యపరంగా సమంజసమైన ప్రయత్నం" అన్న నాలుగు మాటలు ఉన్నాయి. గడువులు లేవు. ఇంకా చెప్పాలంటే వాళ్ళు మొదటి ముసాయిదాలో గడువులు పెట్టారు. తీసేయించింది మేమే. నిన్నటిదాకా అది మా గెలుపు అనుకున్నాను.

కోబె_మనోళ్ళు
మంగళవారం, రాత్రి 11:55

డాక్టర్ గారు అడిగినదానికి మా ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. 2014 సెప్టెంబరులో జపాన్‌లోని కోబెలో, ప్రపంచంలో మొదటిసారి ఐపీఎస్ నుంచి చేసిన ఆర్‌పీఈ పొరను డెబ్భై దాటిన ఒకావిడ కంట్లో అమర్చారు. ఆ ప్రాజెక్టును నడిపించింది రికెన్ సంస్థలో మసాయో తకహాషి గారు. ఆ పద్ధతి మీద హక్కులు హీలియోస్ అనే కంపెనీకి వెళ్ళాయి. తర్వాత ఆవిడ రికెన్ నుంచి బయటికొచ్చి సొంత సంస్థ నడుపుతూ, రోగులకు ఆ కణాలు వాడాలనుకున్నారు. పేటెంటు అడ్డు. కనిపెట్టినవాళ్ళలో ఆవిడ పేరూ ఉంది, హక్కు మాత్రం లేదు. 2021లో ప్రజాప్రయోజనం కోసం వాడుకోనివ్వమని ప్రభుత్వాన్ని అడిగారు. దాదాపు మూడేళ్ళు విచారణ సాగి, 2024 మేలో రాజీ అయింది. కొన్ని షరతులతో 30 మంది రోగుల వరకు చేసుకోవచ్చన్నారు.

30 మంది. ఆవిడ ఆ కణాల మీద ఎన్నేళ్ళు పెట్టిందో తెలిసినవాళ్ళకు ఆ అంకె మింగుడుపడదు. మైక్రోపిపెట్ గారూ, పరిశోధన ఆసుపత్రులకు ప్రత్యేకంగా హక్కు మిగల్చండి, మొదటి రోజే, కాగితం మీద.

పీహెచ్‌డీ_ఐదో_ఏడు
బుధవారం, ఉదయం 8:10

కంపెనీ కదలకపోతే, పేటెంటు యజమాని ఒప్పుకోకపోయినా ఇంకొకరికి ఇచ్చే కంపల్సరీ లైసెన్సు ఉంది కదా? నాట్కో తెచ్చుకున్నట్టు?

ఫారం27
బుధవారం, ఉదయం 10:40

ఉంది, సెక్షన్ 84. 2012 మార్చిలో మన హైదరాబాద్ నాట్కోకు బేయర్ క్యాన్సర్ మందు నెక్సావార్ మీద ఇచ్చారు. నెలకు 2 లక్షల 80 వేల మందు 8,800కి వచ్చింది. కానీ అది మాత్ర. ఫార్ములా తెలిస్తే నాట్కో కెమిస్టులు చేసేస్తారు. ఇక్కడ పేటెంటు కాగితం చేతికొచ్చినా కణాలు రావు, ఏ రోజు ఏ పదార్థం ఎంత వేయాలో రాసుకున్న బ్యాచ్ రికార్డు రాదు. గేటు తాళం ఇచ్చి బీరువా తాళం దాచుకున్నట్టు ఉంటుంది. సెల్ థెరపీలో గడువులు ఒప్పందంలోనే ఉండాలి, తర్వాత చట్టం వచ్చి కాపాడుతుందని కూర్చోకూడదు.

గోదారి_టు_శాన్‌డియాగో
బుధవారం, మధ్యాహ్నం 12:15

దీనికి ఇంకో రుజువు ఉంది. ఎముక మజ్జలో దొరికే మీసెంకైమల్ అనే మూలకణాల మీద ఆర్నాల్డ్ కాప్లాన్ అమెరికా పేటెంటు 1996లో గ్రాంటైంది. ఒసైరిస్ కంపెనీ దాని మీదే నిలబడింది. 2003లో జపాన్ హక్కులు జేసీఆర్ అనే కంపెనీకి ఇచ్చారు, వాళ్ళు పట్టుదలగా పని చేసి, మజ్జ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి శరీరం మీద దాడి చేసే జబ్బుకు 2015లో అనుమతి తెచ్చుకున్నారు. ఒసైరిస్ తన ప్రోగ్రామ్‌ను 2013లో మీసోబ్లాస్ట్‌కు అమ్మేసింది. అమెరికా అనుమతి వచ్చింది 2024 డిసెంబరులో, అప్పటికి ఆ మూల పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. అదే కణం, అదే పేటెంటు, కదిలినవాళ్ళ దేశంలో రోగులకు తొమ్మిదేళ్ళ ముందు అందింది.

మైక్రోపిపెట్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:05

ఈ వారం మీకు జవాబు రాయలేకపోయాను, క్షమించండి.

శుక్రవారం ఎండీ గారి దగ్గర కూర్చున్నాను. 19వ క్లాజు, రాయల్టీ తగ్గింపు, వయల్స్ మూడో పార్టీ దగ్గర ఉంచడం, అన్నిటికీ వెంటనే సరే అన్నారు. గడువుల పేజీ రాగానే ఎర్ర పెన్ను తీశారు. "వాళ్ళు అడగకుండా మన కాళ్ళకు మనమే తాడు కట్టుకోవడం ఏంటమ్మా?" అన్నారు. నేను జెరాన్ సంగతి చెప్పాను, కోబె సంగతి చెప్పాను. ఆయన వింటున్నారు గానీ ఒప్పుకోలేదు. ఆఖరికి పార్వతీపురం అన్నగారి పోస్టు తెరిచి ఫోను ఆయన చేతికిచ్చాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళమ్మగారికి మాక్యులా జబ్బని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి ముసాయిదాలో నేను రాసి ఆయన ముందు పెట్టింది ఇది: ఒప్పందం అమల్లోకి వచ్చిన 30 నెలల్లోగా ట్రయల్ అనుమతికి దరఖాస్తు చేయాలి, 54 నెలల్లోగా మొదటి రోగికి మార్పిడి జరగాలి, ఏది తప్పినా మా ఎక్స్‌క్లూజివ్ హక్కు దానంతటదే నాన్-ఎక్స్‌క్లూజివ్‌గా మారుతుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పరిశోధనకు వాడుకుంటే మేమూ, లైసెన్సు ఇచ్చేవాళ్ళూ అడ్డుపడకూడదు. ఎండీ గారు 30ని కొట్టేసి 36 చేశారు. 54 మాత్రం అలాగే ఉంచారు. ఆ మార్పుతోనే పంపాం.

పార్వతీపురం_నాన్న
తర్వాతి బుధవారం, ఉదయం 5:50

అమ్మా, చదివాను. బాబుకు జన్యు పరీక్షకు నిన్న రక్తం ఇచ్చాం, రిపోర్టుకు ఆరు వారాలు పడుతుందన్నారు. వచ్చాక డాక్టర్ గారికి ఇక్కడే పెడతాను. అడ్వాన్సులో ఇరవై వేలు వెనక్కి ఇచ్చారు, మిగతాది వచ్చే సోమవారం రమ్మన్నారు. ఫారం27 గారిచ్చిన కాగితం రెండు కాపీలు తీయించాను.